సైన్స్ విద్యార్థి పేపర్‌కు అంశం, టైటిల్ ఎంచుకోవడం ఎలా?
దాతలు కూడా తెలుసుకోవలసిన విషయం

మీ సాయంతో చదువుకుంటున్న పిల్లల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఫార్మసీ, ఎంబీబీఎస్ చేస్తున్నవారు ఉన్నారు. చదువు మధ్యలోనో చివరి ఏడాదిలోనో వీరిలో చాలామందికి ఒక పని తప్పదు. సొంతంగా ఒక చిన్న పరిశోధన చేసి, దాన్ని పేపర్‌గా రాసి ఇవ్వాలి. కొన్ని కాలేజీల్లో దీన్ని ప్రాజెక్ట్ అంటారు, కొన్నింట్లో స్టడీ ప్రాజెక్ట్ అని, పీజీలో డిసర్టేషన్ అని అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

సరిగ్గా ఈ సమయంలోనే పిల్లలు మళ్లీ మీ దగ్గరికి వస్తారు. "అంకుల్, ప్రాజెక్ట్‌కు డబ్బు కావాలి" అంటారు. దేనికి అని అడిగితే చాలామంది "ప్రాజెక్ట్ సెంటర్ వాళ్లకు కట్టాలి" అని చెబుతారు. అంటే అంశం సెంటర్ వాళ్లు ఇస్తారు, లెక్కలు వాళ్లే ఇస్తారు, బైండింగ్ కూడా వాళ్లే చేయిస్తారు. అట్ట మీద పేరు మాత్రం మన పిల్లవాడిది. నాలుగేళ్లు కష్టపడి చదివించి, చివరికి చదువులో అసలైన భాగాన్ని బజారులో కొనిపెట్టినట్టు అవుతుంది.

పిల్లలు అక్కడికి వెళ్లేది బద్ధకం వల్ల మాత్రమే అనుకోవద్దు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లవాడే అయినప్పుడు, ఏ అంశం తీసుకోవాలో అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. మొదటి రెండు వారాలు ఏదో ఒక పెద్ద మాట పట్టుకుని తిరుగుతాడు, నెల గడిచిపోతుంది, భయం పట్టుకుంటుంది, అప్పుడు సెంటర్ మెట్లు ఎక్కుతాడు. అందుకే అంశం ఎంపిక అనే ఆ మొదటి మెట్టు దగ్గరే సాయం అందాలి. అది లెక్చరర్లకు మాత్రమే తెలిసిన విద్యేమీ కాదు. దుకాణం నడిపేవారు, ఆసుపత్రిలో పనిచేసేవారు, ఇంటిని నడిపే తల్లులు కూడా అందించగల సాయమే.

కొన్న ప్రాజెక్ట్‌తో ప్రమాదం కూడా ఉంది. పీజీ, పీహెచ్‌డీ రచనల్లో కాపీని అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపల తిరగరాసి ఇవ్వాలి. 40 నుంచి 60 ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇచ్చే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సెంటర్ వాళ్లు ఒకే ప్రాజెక్ట్‌ను ఎందరికి అమ్మారో కొన్న పిల్లవాడికి తెలియదు.

అంశం వేరు, ప్రశ్న వేరు

"ఏం చేస్తున్నావు బేటా?" అని అడిగితే "నీటి కాలుష్యం మీద సార్" అంటారు. "ఆహార కల్తీ మీద", "డెంగీ మీద" అంటారు. ఇవన్నీ పెద్ద పెద్ద బజార్ల పేర్ల లాంటివి. బజారు పేరు చెప్తే ఏ దుకాణానికి వెళ్లాలో తెలియదు కదా. పరిశోధన మొదలయ్యేది ప్రశ్నతో. ఆ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని, ఒక అంకెతో గాని జవాబు రావాలి. "మా వీధిలో మూడు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది? వానలకు ముందు, తర్వాత తేడా ఉందా?" అన్నది ప్రశ్న. నల్గొండ జిల్లా పిల్లవాడికి ఈ ప్రశ్న పుస్తకంలో వెతకాల్సిన పని లేదు, ఇంటి బిందెలోనే ఉంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కొలిచిన అంకెను పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక గీత ఉందన్నమాట. అలాంటి గీత ఉన్న అంశం విద్యార్థికి ఎప్పుడూ మేలు.

కాని ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రాజెక్ట్ కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే వానల ముందూ తర్వాతా అనే పోలిక కుదరదు. అంశం బాగుంది, ప్రశ్న బాగుంది, క్యాలెండర్ ఒప్పుకోదు. అప్పుడు ప్రశ్నను మార్చాలి: లోతైన బోరుకీ, పాత బావికీ తేడా ఉందా? పిల్లలు ఈ లెక్క వేసుకోకుండా టైటిల్ రిజిస్టర్ చేయించి, తర్వాత వాన కోసం ఆకాశం వైపు చూడడం ఎన్నోసార్లు జరిగేదే.

రెండు దోమల టైటిల్

ఇరుకైన ప్రశ్న అంటే చిన్నతనమని పిల్లలకు ఒక అపోహ. పెద్దలకూ ఉంది. "ఇంత చిన్న విషయమా?" అని మనమే అనేస్తాం. దీనికి సికింద్రాబాద్‌లోనే ఒక గొప్ప జవాబు ఉంది.

1897 ఆగస్టులో అక్కడ రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యాధికారి దోమలను కోసి మైక్రోస్కోప్ కింద చూస్తున్నారు. మలేరియాకు, దోమకు సంబంధం ఉండవచ్చని అప్పటికే ఇంగ్లండ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఊహించారు. అది పెద్ద ప్రశ్న. దాన్ని ఒకేసారి తేల్చడం ఎవరివల్లా కాదు. రాస్ ఆ వారాల్లో తనకు తాను వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది. గోధుమరంగు, మచ్చల రెక్కల దోమ రకం ఒకటి దొరికింది. మలేరియా రోగి రక్తం తాగిన తర్వాత ఈ రకం దోమ కడుపులో, మిగతా రకాల్లో తాను ఇంతవరకు చూడనిది ఏమైనా కనిపిస్తుందా?

ఆ రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఎనిమిది అణాలు ముట్టాయి. (ఇప్పుడైతే మనుషుల మీద ఏ పరిశీలన చేయాలన్నా ముందుగా సంస్థలోని నైతిక కమిటీ అనుమతి కావాలి, రోగి రాతపూర్వక సమ్మతి కావాలి. ఎంబీబీఎస్ పిల్లలు ఈ అనుమతికి పట్టే వారాలను కూడా లెక్కలో వేసుకోవాలి.) ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో నల్లని రవ్వలున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రవ్వలు మలేరియా క్రిమిలో ఉండే రంగు రవ్వల్లాగే ఉన్నాయి. మరుసటి రోజు మరో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా కనిపించాయి.

ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆయన పేపర్ టైటిల్‌ను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని విచిత్రమైన రంగు కణాల గురించి. ఎన్ని దోమలు? రెండే. వాటికి ఏం పెట్టారు? మలేరియా రక్తం. ఏం కనిపించింది? కొన్ని రంగు కణాలు. అవేమిటో తేల్చానని కూడా అనలేదు, "విచిత్రమైన" అన్నారు. మలేరియా రహస్యం ఛేదించానని రాయలేదు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమలో ఎలా పెరిగి మళ్లీ కుట్టినప్పుడు ఎలా ఎక్కుతుందో చూపించారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతికి దారితీసిన టైటిల్‌లో "రెండు దోమలు" అన్న మాట ఉందని మన పిల్లలకు చెప్పండి. యాభై ఇళ్లు చూసి "భారతదేశంలో డెంగీ" అని టైటిల్ పెట్టే పిల్లవాడు ఒక్క నిమిషం ఆగుతాడు.

ఒక అంశాన్ని వండి చూద్దాం

హోటళ్లు, బేకరీలు, బజ్జీల బండ్లు నడిపేవారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి ఉదాహరణే తీసుకుందాం.

బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని ఒకరు "ఆహార కల్తీ" అనే అంశంతో మొదలుపెట్టిందనుకుందాం. కల్తీ అంటే పాలా, కారమా, టీ పొడా, నూనెనా? నూనె అని తేల్చుకుంది. నూనెలో కల్తీనా, వాడిన నూనెను మళ్లీ మళ్లీ వాడడమా? రెండోది. ఇక ఏం కొలవాలి? ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం 2018 జులై 1 నుంచి, మొత్తం పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడకూడదు. కాని వాటిని కొలిచే పరికరం చాలా డిగ్రీ కాలేజీల్లో ఉండదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, లేదా బయట లెక్కలు కొంటారు. ఈ అమ్మాయి గైడును అడిగితే ఆయన ల్యాబ్ అల్మారా తెరిచి చూపిస్తారు: బ్యూరెట్ ఉంది, పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంది, ఫినాఫ్తలీన్ ఉంది. వీటితో నూనె ఆమ్ల విలువ కొలవవచ్చు. ఒక గ్రాము నూనెలో విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాలను సమం చేయడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో అదే ఆమ్ల విలువ. వేపుడులో పిండి తడి నూనెలోకి దిగుతుంది, ఆ వేడిలో నూనె విరుగుతుంది, విలువ పెరుగుతుంది.

ఇప్పుడు ప్రశ్న తయారైంది: బజ్జీలు వేసే మూకుడులో ఉదయం పోసిన నూనె ఆమ్ల విలువ, వాయి వాయికీ ఎంత పెరుగుతుంది? మధ్యలో కొత్త నూనె కలిపితే ఏమవుతుంది? ఆ రెండో ప్రశ్న పుస్తకం చదివి రాదు. సాయంత్రం బండి దగ్గర గంట నిలబడితే వస్తుంది, ఎందుకంటే మూకుడులో నూనె తగ్గగానే బండివాళ్లు కొత్త నూనె పోస్తూనే ఉంటారు. ఈ సంగతి ఆ అమ్మాయి అబ్బాకు తెలుసు, గైడుకు తెలియకపోవచ్చు. మన పిల్లలకు ఉన్న బలం ఇదే. వాళ్లకు ఇల్లూ, వీధీ, పనీ దగ్గరగా తెలుసు.

ఇక టైటిల్. మొదట ఆమె రాసింది: "పదేపదే వాడిన వంటనూనె, ఆరోగ్యంపై దుష్ప్రభావాలు: ఒక సమగ్ర అధ్యయనం". వినడానికి ఘనంగా ఉంది. కాని ఆమె ఎవరి ఆరోగ్యాన్నీ పరీక్షించలేదు. కొలిచింది ఆమ్ల విలువ ఒక్కటే. అది పెరిగిందంటే పోలార్ పదార్థాలు 25 శాతం దాటాయని కూడా చెప్పలేం, రెండూ వేర్వేరు కొలతలు. ఒక బండి నూనె చూసి సమగ్రం అనడం అంతకన్నా కాదు. వైవా రోజున పరీక్షకుడు వేసే మొదటి ప్రశ్న ఈ టైటిల్ మీదే ఉంటుంది, జవాబు ఉండదు. చేసిన పనికి సరిపోయే టైటిల్ ఇది: "ఒక రోజు వేపుడులో పామాయిల్ ఆమ్ల విలువ పెరుగుదల, మధ్యలో కొత్త నూనె కలపడం వల్ల వచ్చే మార్పు". ఇందులో ఏ నూనె, ఏ కొలత, ఎంత సమయం, ఏ మార్పు అన్నీ ఉన్నాయి. పేపర్ చదవకుండానే సగం విషయం తెలుస్తుంది.

ఆడపిల్లల సంగతి

ఊరూరా తిరిగి సర్వే చేయమంటే చాలా ఇళ్లలో ఒప్పుకోరు. దాంతో ఆడపిల్లలు లైబ్రరీలో కూర్చుని రాసే అంశాలకే పరిమితమవుతారు. అలా కావలసిన అవసరం లేదు. మున్సిపాలిటీ మనిషి గుమ్మం దాటి లోపలికి రాలేని ఇంట్లోకి పక్కింటి అమ్మాయి చొరవగా వెళ్లి, వంటింటి డ్రమ్ము మూత తీసి చూడగలదు. జువాలజీ విద్యార్థినికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంది? డెంగీని మోసే ఏడిస్ దోమ ఇళ్లలో నిలవ ఉంచిన మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ దాకా ఎదగడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. వారానికొకసారి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టమనడం అందుకే. ప్రశ్న: మూత ఉన్న డ్రమ్ముల్లో, మూత లేని డ్రమ్ముల్లో లార్వాలు ఎన్నింటిలో ఉన్నాయి? యాభై ఇళ్లు, రెండు వారాలు, ఒక టార్చి, ఒక డ్రాపర్, కాలేజీ మైక్రోస్కోప్. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

టైటిల్ దగ్గర ఒక్క జాగ్రత్త. లార్వాలను మైక్రోస్కోప్ కింద గుర్తుపట్టి ఏడిస్ అని నిర్ధారించుకుంటేనే ఆ పేరు టైటిల్‌లో రావాలి. లేకపోతే "దోమ లార్వాలు" అనే ఉండాలి. ఇళ్లవారి పేర్లు, ఇంటి నంబర్లు ఎక్కడా రాకూడదు. నమ్మి తలుపు తీసినవారి ఇంటి సంగతి వీధికి తెలియకూడదు.

టైటిల్ ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి

టైటిల్ రెండుసార్లు పెట్టాలి. మొదటిది పని మొదలయ్యే ముందు, తాత్కాలికంగా. రెండోది పని ముగిశాక, ఏం దొరికిందో చూసుకుని. చాలా కాలేజీల్లో టైటిల్ మార్చాలంటే గైడు సంతకంతో దరఖాస్తు ఇవ్వాలి, దానికి గడువు ఉంటుంది. ఆ తేదీ ముందే తెలుసుకోవాలి.

టైటిల్ ఇంగ్లిష్‌లోనే రాయాలి కాబట్టి పిల్లలు ఇంగ్లిష్‌లోనే ఆలోచించడం మొదలుపెడతారు. అక్కడే పెద్ద పెద్ద మాటలు వచ్చి చేరుతాయి. ముందుగా ఉర్దూలోనో తెలుగులోనో ఒకే వాక్యంలో అమ్మీకి చెప్పమనండి: "నేను ఫలానాది కొలిచి, ఫలానా సంగతి తెలుసుకోవాలనుకుంటున్నాను". ఆమెకు అర్థమైతే ప్రశ్న తయారైనట్టే. ఆ వాక్యాన్నే ఇంగ్లిష్‌లోకి మారిస్తే టైటిల్ వస్తుంది. పది, పదిహేను పదాలు చాలు. "ఒక అధ్యయనం", "ఒక పరిశీలన", "సమస్యలు, సవాళ్లు, పరిష్కారాలు" లాంటి తోకలు తీసేసినా అర్థం ఏమీ పోదు. పొడి అక్షరాలు వద్దు, చదివేవాడికి వాటి విడుపు తెలియకపోవచ్చు. వెతికేవారు ఏ మాటతో వెతుకుతారో ఆ మాట టైటిల్‌లో ఉండాలి. ఫ్లోరైడ్ మీద పని చేసి "నీటి నాణ్యత" అని పేరు పెడితే ఫ్లోరైడ్ కోసం వెతికేవాడికి ఆ పేపర్ దొరకదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో విద్యార్థిగా ఉన్నప్పుడు తన గురువు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన పేపర్ టైటిల్ "రంగును బట్టి ఫాస్ఫరస్ కొలవడం" అనే అర్థం వచ్చే నాలుగైదు మాటలే. అందులో ఆడంబరమైన మాట ఒక్కటీ లేదు. వందేళ్ల తర్వాత కూడా బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఆ పద్ధతిని వారిద్దరి పేర్లతోనే పిలుస్తారు.

ఇదే అంశం మీద ఇంతకుముందు ఎవరైనా చేశారా అని కూడా చూడాలి. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. "ముందే చేసేశారు, ఇక నేనేం చేయను" అని పిల్లలు డీలా పడతారు. వేరే ఊరిలో చేసిన పనిని అదే పద్ధతిలో మన ఊరిలో చేసి చూడడం విద్యార్థి స్థాయిలో మర్యాదగల పనే. ఎవరి పద్ధతి వాడారో చెప్పాలి, అంతే.

దాతలకు రెండు మాటలు

ప్రాజెక్ట్‌కు డబ్బు అడిగిన పిల్లలను "ఎంత?" అని అడగడానికి ముందు "దేన్ని కొలుస్తావు? దేనితో కొలుస్తావు?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే రసాయనాలకు, నీటి పరీక్ష ఫీజుకు, బస్సు ఛార్జీలకు ఇవ్వండి. చెప్పలేకపోతే కసురుకోవద్దు. మీకు తెలిసిన లెక్చరర్ దగ్గరికి, లేదా ఫార్మసీ, ల్యాబ్ నడిపే మన భాయిల దగ్గరికి పంపండి. నెల మొదట్లో దొరికే ఒక గంట మాట, నెలాఖరులో ఇచ్చే వేల రూపాయల కన్నా ఎక్కువ పని చేస్తుంది. మీ హోటల్, మీ బోరు, మీ తోలు గోడౌన్, మీ క్లినిక్ చూడనివ్వండి. కాని చూడనిచ్చినందుకు ఫలితం మీకు అనుకూలంగా రావాలని ఆశించవద్దు. నూనె బాగాలేదని తేలితే బాగాలేదనే రాస్తుంది. మీ హోటల్ పేరు టైటిల్‌లో గాని, లోపల గాని రాకుండా చూసుకోవడం ఆమె బాధ్యత.

కొందరు పిల్లలు "జర్నల్‌లో అచ్చు వేయడానికి ఫీజు" అని కూడా అడుగుతారు. డబ్బు కట్టగానే వారం తిరగకుండా, ఎవరూ చదివి తప్పులు చెప్పకుండానే అచ్చు వేసే పత్రికలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో అచ్చయినందువల్ల పీజీ సీటు రాదు, ఉద్యోగం రాదు, తర్వాత ఇంటర్వ్యూలో అది మచ్చగా కూడా మారవచ్చు. అలాంటి ఫీజు ఇచ్చే ముందు గైడుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. ఆ జర్నల్ పేరు తానెప్పుడూ వినలేదని గైడు అంటే, ఆ డబ్బును పిల్లవాడి వచ్చే సెమిస్టర్ పరీక్ష ఫీజుకు ఉంచండి.